ఎర్రబండి బరువు

ఫిబ్రవరి 23, శనివారం

కొన్నాం. ట్రైలర్ కొనేశాం. ఇంటి ముందు నిలబడి ఉంది. వంటింటి కిటికీలోంచి సగమే కనిపిస్తోంది, అందుకని పావుగంటకోసారి వాకిట్లోకి వెళ్ళి మొత్తం చూసి వస్తున్నాను.

పొద్దున మాంటీ ఊరికి బయల్దేరేటప్పుడు లమార్ "ఊరికే చూసి వద్దాం" అన్నాడు. నేనూ "ఊరికేలే" అన్నాను. పికప్‌కి కొక్కెం బిగించుకుని, గొలుసులు వెనక పడేసుకుని వెళ్ళేవాళ్ళు ఊరికే చూడ్డానికి వెళ్తారా అని ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

అమ్మినాయన పేరు హీబర్. మోకాళ్ళు అరిగిపోయాయట, ఇంక ఎడారికి వెళ్ళలేనన్నాడు. ట్రైలర్ అంటే చక్రాల మీద ఇల్లే, ఇరవై ఒక్క అడుగులు. ముందు మంచం, మధ్యలో పొయ్యీ సింకూ, వెనక సగం ఖాళీ గరాజు. వెనక గోడంతా ఒకటే తలుపు. దింపితే ర్యాంపు అవుతుంది, మేం ఎడారిలో తిరిగే నాలుగు చక్రాల మోటారు బండ్లు, లమార్ ఎర్రదీ నా నీలందీ, నేరుగా లోపలికి తోసెయ్యొచ్చు. గొలుసులు తగిలించి సగంలో ఆపితే అదే అరుగు అవుతుంది, కుర్చీలు వేసుకుని కూర్చోవచ్చు. బండ్లు దించేశాక గరాజు కప్పులోంచి మంచం మోటారు మీద కిందికి దిగుతుంది. హీబర్ మీట నొక్కి దించాడు. ఇంకోసారి దించమన్నాను. మూడోసారి నేనే నొక్కాను.

లోపల పెట్రోలూ ఎలుకలూ కలిసిన వాసన. పోతుంది.

లమార్ చుట్టూ తిరిగి టైర్లు చూశాడు, కింద పడుకుని ఇరుసులు చూశాడు, లేవడానికి నా చెయ్యి పట్టుకున్నాడు. ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"దీన్ని ఎప్పుడైనా కాటా ఎక్కించారా?"

హీబర్ నవ్వేశాడు. "కాటా ఎందుకయ్యా? లాగిందంటే లాగినట్టే. నా పికప్ ఏనాడూ మొండికెయ్యలేదు."

ముప్పై ఒక్కేళ్ళు ఎండుగడ్డి లారీ తోలినవాడు మా ఆయన. ఆ చాదస్తం ఎక్కడికి పోతుంది. నేను వెంటనే సంతకం పెట్టేశాను. ఇంటిదాకా నేనే నడిపాను, గీత గీసినట్టు వెనకాలే వచ్చింది. పాతికేళ్ళు స్కూలు బస్సు నడిపినదాన్ని, నాకిదొక లెక్కా.

ఈస్టర్‌కి ఎనిమిది వారాలు. ముప్పై రెండు ఈస్టర్లు స్వెల్ ఎడారిలో గుడారంలోనే పడుకున్నాం. ఇప్పుడు లమార్‌కి నేల మీద పడుకుంటే నడుం లేవదు. పికప్ మీదికి పలకలేసి ఎర్రబండి ఎక్కించడం కుదరదు. ఇందులో అయితే తోస్తే చాలు, లోపలికి వెళ్ళిపోతుంది. ఈ ఈస్టర్‌కి లమార్ తన ఎర్రబండి మీద స్వెల్‌లో తిరుగుతాడు. దీన్ని కొన్నది అందుకే, ఇంకెందుకూ కాదు.

జనవరిలో డాక్టరు లమార్‌కి పార్కిన్సన్స్ అన్నాడు. ఆ మాట ఈ పుస్తకంలో రాయడం ఇదొక్కసారే.

ఫిబ్రవరి 24, ఆదివారం

చర్చిలో ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. పదకొండు మందికి చెప్పాను.

మార్చి 2, శనివారం

రోజంతా శుభ్రం చేశాను. సొరుగుల్లో ఎలుకల గూళ్ళు నాలుగు. ఒక గూడు పూర్తిగా టాయిలెట్ కాగితంతో కట్టుకున్నాయి, పాపం ఎంత కష్టపడ్డాయో. పైకప్పు అతుకుల మీద తెల్ల జిగురు పుయ్యాలి. లమార్ నిచ్చెన పట్టుకున్నాడు, నేను ఎక్కాను. ఇదివరకు ఎక్కేది తను, పట్టుకునేది నేను. నిచ్చెన కొంచెం వణికింది. నేల ఎగుడుదిగుడుగా ఉంది.

కిందికి దిగేసరికి లమార్ తలుపు పక్కన అంటించిన పసుపు చీటీ ముందు కళ్ళద్దాలు పెట్టుకుని నిలబడ్డాడు. సామాను 2,300 పౌండ్లు దాటకూడదని ఉంది. ఎర్రబండి 720, నా నీలంబండి 800, దానికి వెనక ఇంకో సీటుంది కాబట్టి ఆ మాత్రం ఉంటుంది. ఇంకా ఎనిమిది వందల దాకా మిగులుతుందని వేళ్ళ మీద లెక్క చెప్పాను.

ఆ చీటీ కార్ఖానాలో అంటించింది అన్నాడు. ఆ తరవాత హీబర్ బిగించిన జనరేటరు, రెండు పెద్ద బ్యాటరీలు, నెత్తి మీద రెండో ఏసీ, వాటి సంగతి ఆ చీటీకి తెలియదట. తరవాత నన్ను పికప్ దగ్గరికి తీసుకెళ్ళి డ్రైవరు తలుపు తీసి అక్కడున్న ఇంకో చీటీ చూపించాడు. పికప్ ఎంత లాగగలదనేది ఒకటి, తన వీపు మీద ఎంత మొయ్యగలదనేది ఇంకొకటి. ట్రైలర్ ముక్కు పికప్ కొక్కెం మీద ఆనుతుంది కాబట్టి ఆ ముక్కు బరువూ, మన ఇద్దరి బరువూ, పనిముట్ల పెట్టె బరువూ అన్నీ కలిపి ఈ రెండో చీటీ దాటకూడదు. చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఈమధ్య మెల్లిగా మాట్లాడుతున్నాడు. వినడానికి బాగానే ఉంది, ఇదివరకు మరీ గడగడా చెప్పేవాడు.

రేపటినుంచి చూద్దాం. ముందు కర్టెన్లు కుట్టాలి. పసుపు గుడ్డ.

మార్చి 9, శనివారం

మా అమ్మాయి షాలీస్ ఫోను చేసింది. నర్సు కదా, ఏది చెప్పినా బెడ్ పక్కన నిలబడి చెప్పినట్టే చెప్తుంది.

"ట్రైలర్ బాగుందమ్మా. కానీ నాన్న ఎర్రబండి ఎక్కకూడదు. అది నీకూ తెలుసు."

సిగ్నల్ సరిగా లేదు, మాట తెగిపోతోంది అన్నాను. నేనున్నది వంటింట్లో, ఫోను గోడకి తగిలించిన పాత ఫోను.

కర్టెన్లు పూర్తయ్యాయి. ఎంత అందంగా ఉన్నాయో.

మార్చి 13

ఎర్రబండి బ్యాటరీకి చార్జింగ్ పెట్టాను. ఒక్క నొక్కుకే స్టార్ట్ అయింది. లమార్ స్నానంలో ఉన్నాడు, వినలేదు.

మార్చి 14

విన్నాడట.

మార్చి 16, శనివారం

సామాను ఎక్కించడం మొదలుపెట్టాను. ఈస్టర్ ఇంకా నెల ఉంది అన్నాడు. ఉంటే ఉంది.

పీచ్ పండ్ల సీసాలు అరవై. సెప్టెంబర్లో నేనూ షాలీసూ చేతులు కాల్చుకుంటూ పట్టినవి. ముందు మంచం కింద అరలో ఒక్కటి కూడా కదలకుండా పట్టాయి. కుటుంబం లేకుండా వచ్చినవాళ్ళుంటారు, కుర్రకారు ఉంటారు, ఈస్టర్‌కి మా దగ్గర పీచ్‌లు దొరుకుతాయని స్వెల్‌లో అందరికీ తెలుసు. ఇనప దాకలు నాలుగు, మూతలతో సహా. నేలమాళిగలోంచి గోధుమ బకెట్లు మూడు.

బకెట్లు చూసి లమార్ తలుపుకి ఆనుకున్నాడు.

"థోరా, మనం వెళ్ళేది నాలుగు రోజులకి. కరువుకి కాదు."

దారిలో మంచు పడి ఇరుక్కుపోతే ఏం చేస్తావన్నాను. గోధుమలు నములుతాను అన్నాడు. విసుర్రాయి కూడా ఎక్కించనా అన్నాను. అలా చాలా రోజుల తరవాత ఇద్దరం సరిగ్గా పోట్లాడుకున్నాం, ప్రాణం లేచొచ్చింది. మా చర్చివాళ్ళ ఇళ్ళల్లో ఏడాది తిండి దాచడం ఆచారం, నేలమాళిగ నిండి ఉండకపోతే మా అమ్మకి నిద్ర పట్టేది కాదు. నాకూ అంతే. ట్రైలర్ అయినా ఇల్లే కదా.

తరవాత రెండు బండ్లనీ ర్యాంపు మీదుగా లోపలికి తోశాం. నీలంది ముందు, ఎర్రది తోకలో. పట్టీలు బిగించేది లమార్ పని. ఒక పట్టీ మర దగ్గర చాలాసేపు ఉండిపోయాడు. తుప్పు పట్టినట్టుంది అన్నాను, నేను బిగించాను. తుప్పు లేదు. కొత్త పట్టీలు తెస్తాను.

మార్చి 22

నవంబరు గాలికి పడిపోయిన వెనక కంచె ఇవాళ బాగుచేయించాం. కొత్త చెక్కలు తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి. ఇక ఇంటి పని మిగల్లేదు. ట్రైలర్ పనే.

మార్చి 30, శనివారం

మొదటిసారి నిండుగా బయటికి తీశాం. హైవే పక్కన లారీలు ఆగే పెట్రోలు బంకులో కాటా ఉంది, అక్కడిదాకా. లమార్ పట్టు పట్టాడు.

వీధి మలుపుల్లో బంగారంలా వచ్చింది. హైవే ఎక్కి వేగం యాభై మైళ్ళు దాటగానే వెనకనుంచి ఎవరో పికప్‌ని పట్టుకుని అటూ ఇటూ ఆడిస్తున్నట్టనిపించింది. అద్దంలో చూస్తే ట్రైలర్ తోక ఊపుతోంది. వేగం తగ్గిస్తే ఆగింది. గాలి అన్నాను. లమార్ కిటికీలోంచి బయటికి చూశాడు. ఒక్క జెండా కూడా కదలడం లేదు.

కాటా దగ్గర రెండు పెద్ద లారీల మధ్య మా పసుపు కర్టెన్ల ట్రైలర్. నాకైతే ఊరేగింపులో ఉన్నట్టుంది. పికప్ ముందు చక్రాలు కాటాలో ఒక పలక మీద, వెనక చక్రాలు ఇంకో పలక మీద, ట్రైలర్ మూడో పలక మీద నిలిపి, స్తంభం మీది మీట నొక్కాలి. అక్కడి స్పీకరు పెట్టెలోంచి ఒక అమ్మాయి గొంతు, లారీ నంబరెంత అంది. లారీ కాదమ్మా, షికారు అన్నాను. లోపలికి వెళ్ళి చీటీ తెచ్చుకున్నాను.

ట్రైలర్ 640 పౌండ్లు ఎక్కువ.

పన్నెండు వందలు ఎక్కువ అన్నా ఇంత బాధ ఉండేది కాదేమో, ఏం చేయాలో తెలియక ఊరుకునేదాన్ని. 640 అంటే ఏదో ఒకటి చేయొచ్చు. లమార్ చీటీ తీసుకుని మడత పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

640 దించుతాను. ఏముంది.

మార్చి 31, ఆదివారం

ఆదివారం లెక్కలు వేయకూడదు. చర్చి కాగితం వెనక వేశాను. పీచ్‌లు 190. గోధుమ 135. దాకలు వంద. నీళ్ళ ట్యాంకు ఇప్పుడు సగం ఉంది, ఖాళీ చేస్తే 240. మొత్తం 665.

సరిపోయింది. ఇరవై అయిదు మిగులు కూడా. గట్టిగా నవ్వాను, ముందు బెంచీ వాళ్ళు తిరిగి చూశారు.

ఏప్రిల్ 5, శుక్రవారం

దించాను. సీసాలు నేలమాళిగకి మోసేసరికి మోకాళ్ళు నావి కావనిపించింది. నీళ్ళు స్వెల్ దగ్గర ఊళ్ళో నింపుకుంటాం. పీచ్‌ల సంగతి వచ్చే ఏడు చూసుకుందాం. అడిగినవాళ్ళకి ఏదో చెప్తాను.

మళ్ళీ కాటా. సరిగ్గా నేను వేసిన లెక్కే, ఇరవై అయిదు తక్కువ. పెట్టెలోని అమ్మాయికి థాంక్స్ చెప్తే, దేనికండీ అంది.

తిరిగొచ్చేటప్పుడు పక్కనుంచి ఒక పెద్ద లారీ దాటింది. దాటగానే ట్రైలర్ తోక కుడికి, ఎడమకి, మళ్ళీ కుడికి. ఈసారి పికప్ వెనక చక్రాలు కూడా పక్కకి జరిగాయి. లమార్ "బ్రేకు తొక్కకు, వదిలెయ్, వదిలెయ్" అన్నాడు. కాలు తీశాను. దానంతటది సర్దుకుంది. రోడ్డు పక్కన ఆపి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. లమార్ తన చెయ్యి నా చేతుల మీద పెట్టాడు.

కింద పడేసిన బరువంతా వృథా పోయిందని కాదు. బరువు సరిపోయింది, చీటీ ఉంది. ఇవాళ గాలి ఎక్కువగా ఉంది, అంతే.

ఏప్రిల్ 6

గాలే.

ఏప్రిల్ 9

టైర్లలో గాలి చూశాను. బాగానే ఉంది. కొక్కెం చూశాను. బాగానే ఉంది. ఈస్టర్‌కి పన్నెండు రోజులు.

ఏప్రిల్ 11, గురువారం

మధ్యాహ్నం ట్రైలర్ వెనక తలుపు దించి ఊడుస్తున్నాను. లమార్ వచ్చి ర్యాంపు అంచున కూర్చున్నాడు. చీపురు పక్కన పెట్టమన్నాడు. వింటూ ఊడుస్తానన్నాను. పెట్టమన్నాడు.

గడ్డి లారీల రోజుల్లో వెనక బండికి తోకలో మోపులు ఎక్కువ పేరిస్తే ముక్కు తేలిపోయేదట. ముక్కు తేలితే తోక ఊగుతుంది. నేను దించినవన్నీ ముందు భాగంలోవి. పీచ్‌లు ముందు మంచం కింద, దాకలూ గోధుమలూ వాటి పక్కన, నీళ్ళ ట్యాంకూ ముందే. అందుకే మొత్తం బరువు తగ్గినా ఊపు ఎక్కువైంది. తోకలో బరువు అలాగే ఉండిపోయింది.

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే తోకలో ఏముందో మాట్లాడాలి కదా."

తోకలో ఏముందో ఇద్దరికీ కనిపిస్తోంది. అతని వీపు వెనకే ఉంది.

"ఎర్రది దించెయ్, థోరా."

"నీలంది దించుదాం. నాకేం అక్కర్లేదు. నేను వంట చూసుకుంటాను, ఎర్రదాన్ని ముందుకి జరుపుదాం, సరిపోతుంది."

"సరిపోతుంది. నడిపేదెవరు?"

"నువ్వే."

"నవంబర్లో కంచె గాలికి పడలేదు."

తరవాత తనే చెప్పాడు. నేను బజారుకి వెళ్ళినప్పుడు ఎర్రబండి బయటికి తీశాడట. పెరట్లోనే, ఒక్క చుట్టు తిరిగి చూద్దామని.

"బ్రేకు నొక్కాలని నాకు తెలుసు. వేలికి తెలియలేదు. కంచె లేకపోతే పక్కింటి పిల్లల ఉయ్యాల దాకా పోయేవాణ్ణి."

"మరి ట్రైలర్ కొంటుంటే నోరు మూసుకుని ఎందుకు నిలబడ్డావు?"

"నువ్వు ఆ మంచం మూడుసార్లు దించావు. నిన్ను అంత సంబరంగా చూసి ఎన్నాళ్ళయిందో. నోరు రాలేదు."

నాకు కోపం వచ్చింది. అతని మీద కాదు అని రాద్దామని కూర్చున్నాను. అతని మీదే. అబద్ధం చెప్పినందుకు, ఆ అబద్ధం నేను నమ్మినందుకు, కొత్త చెక్కలు తెల్లగా ఉన్నాయని నాలుగుసార్లు మెచ్చుకున్నా ఊరుకున్నందుకు. చీపురు పట్టుకుని లోపలికి వచ్చేశాను. ఆ తరవాత మంచం మీద కూర్చుని ఏడ్చాను. తనకి చేతకాదని నాకు జనవరినుంచీ తెలుసు. అంతకు ముందునుంచే తెలుసు.

ఏప్రిల్ 12

వెళ్ళకూడదనుకుంటున్నాను.

ఏప్రిల్ 12, సాయంత్రం

తను నీళ్ళ ట్యాంకు నింపుతున్నాడు. బయట పైపు చప్పుడు వినిపిస్తోంది. వెళ్ళకపోతే ఎందుకు నింపుతున్నావని కిటికీలోంచి అడిగాను. ఎవరన్నారు వెళ్ళడంలేదని అన్నాడు.

ఏప్రిల్ 13, శనివారం

ఎర్రబండి దించాం. షెడ్డులోకి తోసి దుప్పటి కప్పాను. లమార్ దుప్పటి అంచు ఒకటి సర్ది బయటికి వచ్చేశాడు, నేను కాసేపు అక్కడే ఉన్నాను.

720 తగ్గాయి కాబట్టి పీచ్‌లూ దాకలూ గోధుమలూ అన్నీ మళ్ళీ ఎక్కించాను. మోకాళ్ళు తిట్టుకున్నాయి. ఎక్కడివక్కడ, ముందు మంచం కింద. మళ్ళీ కాటా. ట్రైలర్ బరువు సరిపోయింది. పికప్ వెనక ఇరుసు మీద మాత్రం అరవై పౌండ్లు ఎక్కువ.

చీటీ రెండుసార్లు చదివాను. నమ్మబుద్ధి కాలేదు.

"ఏడు వందల పౌండ్లు దించితే పికప్ మీద బరువు పెరగడమేంటి?"

లమార్ నవ్వాడు. మామూలుగా కాదు, కడుపు పట్టుకుని, పికప్‌కి ఆనుకుని. పక్క లారీ డ్రైవరు ఏమైందోనని కిందికి దిగి వచ్చాడు. ఆయనకీ చెప్పి ఇద్దరూ కలిసి నవ్వారు. తోకలో ఉన్న బండి ముక్కుని పైకి లేపి ఉంచేది. అది పోయేసరికి ముక్కు అంతా పికప్ వీపు మీద కూర్చుంది.

"ఇప్పుడు తోకలో ఏదో ఒకటి ఉండాలి" అన్నాడు.

ఆ పెట్రోలు బంకు పక్కనే తలుపు దించి పని మొదలుపెట్టాం. లమార్ కుర్చీలో కూర్చుని చెప్పాడు, నేనూ ఆ లారీ డ్రైవరూ మోశాం. సీసాల పెట్టెలు తోకలోకి, రెండో వరసలో దాకలు, గోధుమ బకెట్లు ఇటొకటి, అటొకటి, మధ్యలో ఒకటి. ఒక పెట్టె అంగుళం పక్కకి పెడితే లేచి వచ్చి జరిపించాడు. నెలల తరవాత అతని గొంతు లారీ యార్డులో వినిపించే గొంతులా ఉంది. ఆ డ్రైవరు నాతో, అమ్మా మీ ఆయన దగ్గర పని చేయడం కష్టమేనండీ అన్నాడు. నలభై ఏళ్ళనుంచి చేస్తున్నానని చెప్పాను. వెళ్ళేటప్పుడు ఒక సీసా ఇచ్చాం.

ఎర్రబండి కోసం కొన్న కొత్త పట్టీలతో పీచ్‌లని కట్టాను. ఆ కొక్కేల్లోనే. ఒక పట్టీని ఊరికే విప్పి మళ్ళీ బిగించాను, లమార్‌కి కనబడకుండా. చూశాడనుకుంటాను.

మళ్ళీ కాటా ఎక్కించాం. పెట్టెలోని అమ్మాయి "మళ్ళీ మీరేనా" అంది. చీటీ తెచ్చి లమార్‌కిచ్చాను. అన్నీ సరిపోయాయి. పికప్ ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్, అన్నీ.

తిరిగొచ్చేటప్పుడు పెద్ద లారీ దాటింది. నేను స్టీరింగు గట్టిగా పట్టుకుని ఎదురుచూశాను. ఏమీ జరగలేదు. ఒక్క పిసరు కూడా కదల్లేదు.

వెళ్తున్నాం. వెళ్తున్నాం, వెళ్తున్నాం.

ఏప్రిల్ 18, గురువారం, స్వెల్

వచ్చేశాం. సోల్జర్ సమిట్ కనమ దిగేటప్పుడు మాత్రం భయపడ్డాను, అంత పొడుగు దిగుడు, వెనక ఏడున్నర వేల పౌండ్లు. కిందిదాకా చిన్న గేరులో దిగాను. లమార్ పక్కన కూర్చుని ఆపిల్ తింటూ కొండలు చూశాడు. దిగాక, "బస్సులో పిల్లల్ని ఇలాగే తీసుకెళ్ళేదానివా" అన్నాడు. అవునన్నాను. "అయితే అదృష్టవంతులు" అన్నాడు. నలభై ఏళ్ళల్లో నా డ్రైవింగుని మెచ్చుకోవడం ఇదే మొదలు.

వెనక తలుపు గొలుసుల మీద సగంలో నిలిపాం. అరుగయ్యింది. ఎర్రటి గుట్టల మీద ఎండ పడుతోంది, చుట్టూ ట్రైలర్లు, మోటార్ల చప్పుడు, దుమ్ము, పక్కవాళ్ళు కాలుస్తున్న మాంసం వాసన. ఎంత బాగుందో రాయలేను. లమార్ అరుగు మీద కుర్చీ వేసుకుని దారిన పోయే ప్రతివాడికీ పీచ్‌లు పంచుతున్నాడు. సీసా మూతలు నేను తీసి పెడుతున్నాను. తనని ఎరిగినవాళ్ళు చాలామంది, ఎర్రబండి ఏది అని అడుగుతున్నారు. "బరువు ఎక్కువైంది, ఇంటి దగ్గర వదిలాం" అంటున్నాడు. ఒక్కసారి కూడా గొంతు మారలేదు.

ఏప్రిల్ 19, శుక్రవారం

నీలంబండి మీద ఒక్కదాన్నే చిన్న చుట్టు వేసి వచ్చాను. బాగుంది. బాగాలేదు. ముప్పై రెండేళ్ళు ముందు అతని వీపు చూస్తూ వెళ్ళినదాన్ని, ముందు ఖాళీగా ఉంటే దారి తెలియలేదు. వెనక్కొచ్చేశాను.

వెనక సీటు సంగతి అడుగుదామనుకున్నాను. అడగలేదు. లమార్ ఎవరి వెనకా కూర్చునే మనిషి కాదు. పెళ్ళికి ముందు మా అన్నయ్య మోటార్ సైకిల్ మీద దింపుతానంటే నాలుగు మైళ్ళు నడిచి వచ్చాడు. ఇప్పుడు నేను అడిగితే నా కోసం ఒప్పుకుంటాడు, అది నాకొద్దు. షాలీస్‌కి ఫోను చేసి, నాన్న బాగున్నాడు, ఎర్రబండి తేలేదు అన్నాను. సిగ్నల్ పోయిందేమో అనుకున్నాను. లేదు, ఏడుస్తోంది.

ఏప్రిల్ 20, శనివారం

రేపు ఈస్టర్, ఆదివారం మా బండ్లు కదలవు. తిరిగితే ఇవాళే.

పొద్దున టిఫిను గిన్నెలు కడుగుతుంటే వెనక అలికిడయింది. తిరిగి చూస్తే లమార్ హెల్మెట్ చేతిలో పట్టుకుని నీలంబండి పక్కన నిలబడ్డాడు. ముందు సీటు పక్కన కాదు. వెనక సీటు పక్కన.

నేనేమీ అనలేదు. ఏదైనా అంటే మనసు మార్చుకుంటాడని భయం. చేతులు తుడుచుకుని వెళ్ళాను. హెల్మెట్ తను పెట్టుకున్నాడు, గడ్డం కింద పట్టీ దగ్గర వేళ్ళు ఆడడం లేదు. చేతులు కిందికి దించి గడ్డం పైకెత్తి నిలబడ్డాడు. నేను పెట్టాను.

"ఒక్క చుట్టే" అన్నాడు. "గుట్టదాకా వెళ్ళి వద్దాం."

ఎక్కడానికి మూడుసార్లు ప్రయత్నించాడు. నేను ముందుకి చూస్తూ కూర్చున్నాను. మూడోసారి బండి వెనక కుంగింది, నడుం చుట్టూ అతని చేతులు బిగిశాయి. మెల్లగా పోనిచ్చాను. ఎంత మెల్లగా అంటే, నా బస్సు పిల్లలు చూస్తే వెక్కిరించేవారు.

వాగు దాటాక భుజం మీద తట్టాడు. ఎడమకి. అటు తిప్పాను. మళ్ళీ తట్టాడు, కుడికి. గుట్ట పక్కనుంచి నాకెప్పుడూ తెలియని సన్నటి దారి ఒకటుంది, పైదాకా అదే తీసుకెళ్తుంది. ఇన్నేళ్ళూ అతని వీపు చూస్తూ వచ్చాను, దారి చూడలేదు. ఇప్పుడు చూస్తున్నాను. ఇసుక మెత్తగా ఉన్నచోట వీపు మీద గట్టిగా కొట్టాడు. వేగం పెంచమని. పెంచాను. తోక కొంచెం జారింది, సర్దుకుంది, వెనకనుంచి అరుపు వినిపించింది. భయపడ్డాడనుకున్నాను. కాదు, లమార్ గట్టిగా కేకలు పెడుతున్నాడు, ఇరవై ఏళ్ళ వాడిలా. హెల్మెట్ లోపల నేను ఏడ్చేశాను. అద్దం మసకబారి ముందు దారి కనిపించలేదు. అయినా తట్టినవైపు తిప్పుతూ పోయాను.

గుట్ట మీదికి ఎక్కి, దిగి, ట్రైలర్ దగ్గరికి తెచ్చి ఆపాను. ఇంజను ఆపేశాను. దిగుతాడని ఎదురుచూశాను. దిగలేదు. నడుం చుట్టూ చేతులు అలాగే ఉన్నాయి.

"ఏం, దిగవా?"

"ట్యాంకులో ఎంతుంది?"

చూశాను. "సగం పైనే ఉంది."

"మరి ఆపావెందుకు?"